ఐస్ మెషీన్‌లో కూలింగ్ సమస్యా? గేజ్‌ల కంటే ముందు ఐసు చూడండి

ఐసు తక్కువ పడుతోందని పిలుపు రాగానే చాలామంది ముందు గ్యాస్ ప్రెషర్ కొలిచే గేజ్‌లు తగిలిస్తారు. దయచేసి ఆ పని చివరికి పెట్టుకోండి. ఈ మెషీన్లలో గ్యాస్ గ్రాముల లెక్కన తూచి నింపుతారు. గేజ్ హోస్‌లలోకి పోయే కాస్త గ్యాస్ కూడా చిన్న మెషీన్‌కు పెద్ద లోటే. అందుకే నేను ముందు ప్యానెళ్లు మూసి, ఒక ఫ్రీజ్ సైకిల్ (ఐసు కట్టే దశ) పూర్తయ్యేదాకా ఆగి, రాలిన ఐసు పలకను చేతిలోకి తీసుకుంటాను. ఎక్కడ మందంగా కట్టింది, ఎక్కడ పల్చబడింది అన్నదాన్ని బట్టి దారి తెలుస్తుంది. (ఇదంతా నిలువు ప్లేటు మీద పలకలా ఐసు కట్టే క్యూబ్ మెషీన్ల సంగతి.)

పలక అంతటా సమంగానే ఉంది, కానీ సైకిల్ ఎంతకీ తెమలదు

ముందు కండెన్సర్ (గ్యాస్‌లోని వేడిని బయటికి వదిలే భాగం) చూడండి. ఫిన్ల మధ్య దుమ్ము, నూనె జిడ్డు పేరుకుంటే వేడి బయటికి పోదు. శుభ్రం చేసి, ఫ్యాన్ సరిగా తిరుగుతోందో లేదో చూడాలి.

తర్వాత నీళ్లు. గ్యాస్ లోపంగా పొరబడేది ఎక్కువగా ఇక్కడే. కిలో నీటిని 30 డిగ్రీల నుంచి 0కి దించడానికే సుమారు 126 కిలోజౌళ్లు తీయాలి, గడ్డకట్టించడానికి ఇంకో 334. వాటర్ ఇన్‌లెట్ వాల్వ్ పూర్తిగా మూసుకోకపోతే వెచ్చని నీరు వస్తూనే ఉంటుంది, చల్లబడ్డ నీరు పొంగి డ్రెయిన్‌లోకి పోతూ ఉంటుంది. రెండుసార్లు గ్యాస్ నింపినా బాగుపడని ఒక మెషీన్ చూశాను. తప్పంతా ఈ వాల్వ్‌లో ఇరుక్కున్న ఇసుక రేణువుది. ఫ్రీజ్ మధ్యలో పవర్ ఆపి చూడండి. తొట్టెలోకి ఇంకా నీరు కారుతుంటే వాల్వ్ విప్పి కడగాలి, అయినా ఆగకపోతే మార్చాలి.

గ్యాస్ లోపలికి వచ్చే వైపు మందం, బయటికి పోయే వైపు పల్చన

ప్లేటుకు చాలినంత గ్యాస్ అందడం లేదు. గ్యాస్ తగ్గిందా, ప్లేటులోకి గ్యాస్‌ను కొలిచి వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ సరిగా తెరుచుకోవడం లేదా? రెండింటిలోనూ సక్షన్ ప్రెషర్ (కంప్రెసర్‌లోకి తిరిగి వచ్చే గ్యాస్ ఒత్తిడి) తక్కువే చూపిస్తుంది కాబట్టి ఆ ఒక్క అంకెతో తేల్చకండి. జాయింట్ల దగ్గర నూనె తడి ఉందేమో వెతకండి, ఉంటే అక్కడ లీక్ ఉండే అవకాశం ఎక్కువ. లీక్ మూయకుండా పైపైన గ్యాస్ నింపి రావడం కస్టమర్‌కు చేసే అన్యాయం. ఉన్న గ్యాస్ రికవర్ చేసి, లీక్ బాగుచేసి, డ్రయర్ (తేమను పీల్చే ఫిల్టర్) మార్చి, 500 మైక్రాన్ల (వాక్యూమ్ కొలత) కిందికి వాక్యూమ్ లాగి, నేమ్‌ప్లేట్ మీద ఉన్నంతే తూచి నింపాలి. ఆర్-404ఏ అనే గ్యాస్ కొన్ని గ్యాసుల మిశ్రమం కాబట్టి సిలిండర్ నుంచి లిక్విడ్‌గానే తీయాలి. ఆర్-290 అయితే మండే గ్యాస్, లైన్‌లో గ్యాస్ ఉండగా టార్చ్ వెలిగించవద్దు.

పలక మొత్తం పల్చన, సక్షన్ ఎక్కువ

అనుమానం ముగ్గురి మీద: హాట్ గ్యాస్ వాల్వ్ (ఐసు రాలడానికి వేడి గ్యాస్‌ను ప్లేటులోకి వదిలేది) లీక్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ మరీ తెరుచుకుని ఉండటం, అరిగిన కంప్రెసర్. ఫ్రీజ్ మొదలైన 5 నిమిషాలకు హాట్ గ్యాస్ వాల్వ్ ఇన్‌లెట్ పైపు మీద చేయి మెల్లగా ఆనించండి, కాలుతుంది జాగ్రత్త. చేయి ఉంచగలిగితే వాల్వ్ మూసుకున్నట్టే. డిశ్చార్జ్ లైన్ (కంప్రెసర్ నుంచి వేడి గ్యాస్ బయటికి వచ్చే పైపు) అంత వేడిగా ఉంటే ఆ వాల్వ్ లీకవుతోంది, మార్చండి. అది బాగుంటే ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌కు ఉండే, వేడిని పసిగట్టే బల్బ్ సక్షన్ లైన్‌కు బిగుతుగా అంటుకుని ఉందా, ఇన్సులేషన్ ఊడిందా చూడండి. ఇవన్నీ బాగుండి, డిశ్చార్జ్ ప్రెషర్ కూడా తక్కువుంటేనే కంప్రెసర్‌ను అనుమానించాలి. ఖరీదైన పార్టు కదా, తొందరపడవద్దు.

ఐసు కట్టింది, రాలడం లేదు

సాధారణంగా ప్లేటు మీద పేరుకున్న సున్నపు పొరే కారణం. నికెల్ పూత ప్లేటుకు నికెల్ సేఫ్ క్లీనర్ మాత్రమే వాడండి, స్క్రూడ్రైవర్‌తో గీకవద్దు. ప్లేటు శుభ్రంగానే ఉంటే హార్వెస్ట్ (ఐసు రాలే దశ) సమయంలో హాట్ గ్యాస్ వాల్వ్ కాయిల్‌కు కరెంటు అందుతోందో మీటరుతో చూడండి.

రిపేరు అయ్యాక మొదటి పలకను లెక్కలోకి తీసుకోకండి. రెండోదీ మూడోదీ ఒకేలా వస్తే బయల్దేరవచ్చు.