64 గళ్ళ తెలుగు గడియారం

ముళ్ళూ అంకెలూ లేకుండా, పలక మీద పరిచిన అక్షరాల్లో కావలసినవి మాత్రమే వెలిగించి సమయాన్ని మాటల్లో చెప్పే గడియారాన్ని జర్మనీకి చెందిన బీగర్ట్ అండ్ ఫంక్ సంస్థ 2009లో క్లాక్‌టూ అన్న పేరుతో తెచ్చింది. దానిలో 10 అడ్డు వరుసల్లో 11 చొప్పున 110 అక్షరాలుంటాయి. ఐదు నిమిషాలకొకసారి మాట మారుతుంది, నడుమనున్న నిమిషాలను నాలుగు మూలల్లోని చుక్కలు చూపిస్తాయి. ఆ పలకలో ఇంగ్లీషు తీసి తెలుగు పెడితే సరిపోతుందనుకుని మొదలుపెట్టి, నేను రెండు వారాలు వృథా చేశాను. మన ఇళ్ళలో ఎవరూ ‘రెండు గంటల ఇరవై నిమిషాలు’ అనరు. ‘రెండుంబావు దాటింది’ అంటారు. వాడుక మాటనే రాతలోకి తేవాలని జీవితమంతా వాదించిన గిడుగు వేంకట రామమూర్తి పుట్టిన మన శ్రీకాకుళం జిల్లాలో కూర్చుని గడియారం చేస్తూ, దానిచేత రైల్వే స్టేషన్ ప్రకటనలా మాట్లాడించడం నాకు నచ్చలేదు. అందుకే ఐదు నిమిషాల లెక్కను వదిలేసి, పావు గంట లెక్కను పట్టుకున్నాను.

ఆ లెక్కలో మనకు నాలుగే రూపాలు కావాలి: రెండు గంటలు, రెండుంబావు, రెండున్నర, పావు తక్కువ మూడు. వీటిని విడదీసి చూస్తే ఒక సౌకర్యం కనిపిస్తుంది. ఒకటి నుంచి పన్నెండు దాకా ఏ అంకె చివరనైనా ‘న్నర’ చేరిస్తే అర గంట, ‘ంబావు’ చేరిస్తే పావు గంట వచ్చేస్తాయి. సంధి కోసం అంకెను మార్చనక్కరలేదు. ఒక్క ఒంటిగంట దగ్గరే మెలిక ఉంది. ఒకటింబావు, ఒకటిన్నర, పావు తక్కువ ఒకటి అంటాం గానీ, ‘ఒకటి గంట’ అనం. కాబట్టి ‘ఒంటి’కి విడిగా రెండు గళ్ళు కేటాయించాలి, ‘గంటలు’లోని ‘లు’ విడిగా ఆరగలగాలి.

ఇంగ్లీషు పలకలో గడికొక అక్షరమైతే, తెలుగు పలకలో గడికొక గుణింతమో, ఒత్తుతో కలిసిన అక్షరమో పడుతుంది. అలా పేర్చుకుంటూ పోతే మొత్తం 8 అడ్డు వరుసల్లో, 8 నిలువు వరుసల్లో ఇలా ఇమిడింది:

పా వు త క్కు వ ఒ క టి
ఒం టి రెం డు మూ డు ఐ దు
ఆ రు ఏ డు ఎ ని మి ది
నా లు గు తొ మ్మి ది ప ది
ప ద కొం డు ప న్నెం డు శ్రీ
గం ట లు ంబా వు న్న ర కా
● ● ● ● ● ● ● కు
● ● ● ● ● ● ● ళం

అడుగున ఉన్న 14 చుక్కలు పావు గంట తరువాత గడిచిన నిమిషాలు. రెండుంబావు వెలిగి, కింద ఏడు చుక్కలున్నాయంటే సమయం 2 గంటల 22 నిమిషాలన్న మాట. అన్నీ అమర్చాక కుడి అంచున సరిగ్గా నాలుగు గళ్ళు మిగిలాయి, మన ఊరి పేరులోనూ సరిగ్గా నాలుగు అక్షరాలే ఉన్నాయి. దాని సంగతి చివర చెబుతాను. విజయనగరం వారికి ఆరు గళ్ళు కావాలి కనుక వారు వేరే ఉపాయం చూసుకోవాలి.

ఇక పలక. చెక్కనో రేకునో అక్షరాల ఆకారంలో కోస్తే, సున్నలోనూ, ‘ర’ వంటి అక్షరాల్లోనూ ఉండే లోపలి ముక్క ఊడి కింద పడుతుంది. అందుకని 3 మిల్లీమీటర్ల పారదర్శక ఆక్రిలిక్ షీటు తీసుకుని, దాని వెనక వైపున నల్లటి వినైల్ స్టిక్కర్ అంటించడం మేలు. బండి నంబరు ప్లేట్లకు అక్షరాలు కోసే రేడియం షాపులో ఈ పని అవుతుంది. స్టిక్కర్ వెనక అంటుతుంది కాబట్టి డిజైన్‌ను అద్దంలో కనిపించినట్టు తిరగేసి ఇవ్వాలి. అక్షరాలను మామూలు టెక్స్ట్‌గా ఇచ్చారా, షాపులోని కంప్యూటర్ ‘క్కు’ను విడగొట్టి కకారం పక్కన ఒత్తును పడేస్తుంది; అందువల్ల ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో ప్రతి అక్షరాన్నీ పాత్‌గా, అంటే గీతల బొమ్మగా మార్చి తీసుకువెళ్ళాలి. ‘ంబా’ను ఒంటరిగా టైపు చేస్తే ఫాంటు దాని ముందు చుక్కల వలయం ఒకటి గీస్తుంది. ‘అంబా’ అని టైపు చేసి, పాత్‌గా మార్చాక ‘అ’ను తుడిచేస్తే సమస్య తీరిపోతుంది. ఫాంటు ఏదైనా, ‘న్నెం’ అన్న గడిని ముందు కాగితం మీద అసలు కొలతలో అచ్చు తీసి, ఆరడుగుల దూరం నుంచి చదవండి. అది స్పష్టంగా ఉంటే మిగిలిన 63 గళ్ళకూ బెంగ లేదు.

షాపులో అక్షరాల ముక్కలు పీకేటప్పుడు పక్కనే నిలబడటం మంచిది. మొదటిసారి నేను టీ తాగి వచ్చేలోగా అక్కడి కుర్రాడు ఎంతో శ్రద్ధగా ప్రతి సున్న నడుమ ఉన్న నల్ల బిళ్ళనూ పీకేశాడు. ఆ రాత్రి నా గడియారంలో సున్నలన్నీ పున్నమి చందమామల్లా వెలిగాయి.

వెలుగుకు మీటరుకు 30 ఎల్‌ఈడీలు ఉండి, దేనికదే విడిగా వెలిగించగల డబ్ల్యూఎస్ 2812బీ రకం పట్టీ తీసుకోవాలి. ఇదే చిప్‌తో 8 వరుసల రెడీమేడ్ ప్యానెల్ దొరుకుతుంది గానీ, అది అరచేతిలో ఇమిడేటంత చిన్నది. అందులో మన ఒత్తులు అలుక్కుపోతాయి. పట్టీ మీద ఎల్‌ఈడీకీ ఎల్‌ఈడీకీ నడుమ దూరం సుమారు 33 మిల్లీమీటర్లు కనుక, ఎనిమిదేసి ఎల్‌ఈడీల ముక్కలు ఎనిమిది కత్తిరించి వరుసగా అంటిస్తే సుమారు 27 సెంటీమీటర్ల చదరం వస్తుంది. ఒక గడి వెలుగు పక్క గడిలోకి పారకుండా, 25 మిల్లీమీటర్ల వెడల్పున్న సన్‌బోర్డు (తేలికైన ఫోమ్ అట్ట) పట్టీలను సగం దాకా గంటుపెట్టి, ఒకదానిలో ఒకటి దూర్చి గళ్ళ చట్రం కట్టాలి.

ఎల్‌ఈడీ సూదిమొనలా కుచ్చుకుని కనిపించకుండా వెలుగును పరిచే పొర ఒకటి కావాలి. అందరూ ట్రేసింగ్ పేపరు వాడతారు, తప్పులేదు. నేను మాత్రం పొందూరు ఖద్దరు పంచె నుంచి చిరిగిన ముక్కను రెండు మడతలు వేసి వినైల్ వెనక బిగించాను. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, చేత్తో వడికిన ఆ సన్నని నూలులో పోగుకూ పోగుకూ ఉండే చిన్న తేడాలు వెలిగిన అక్షరం లోపల గీతల్లా కనిపిస్తాయి, ఆ అందం కాగితానికి రాదు.

ఎలక్ట్రానిక్స్ విషయంలో ఎక్కువ చెప్పవలసింది లేదు. ప్రోగ్రాం రాసి ఎక్కించే ఆర్డుయినో నానో అనే చిన్న బోర్డు, సమయం లెక్క ఉంచే డీఎస్ 3231 గడియారపు మాడ్యూల్, 5 వోల్టుల 2 ఆంపియర్ల అడాప్టర్ చాలు. ఒక్కో ఎల్‌ఈడీ పూర్తి తెలుపులో 60 మిల్లీ ఆంపియర్ల దాకా తాగుతుంది, కానీ ‘పావు తక్కువ ఎనిమిది’కి 14 చుక్కలూ తోడైనా వెలిగేవి 23 మాత్రమే; కాంతిని అయిదో వంతుకు తగ్గించి వాడతాం కనుక అడాప్టర్ వేడెక్కదు. పట్టీకి కరెంటు నానో గుండా కాకుండా నేరుగా అడాప్టర్ నుంచి ఇవ్వాలి, గ్రౌండ్ (మైనస్ తీగ) మాత్రం రెండింటికీ ఒకటే కావాలి. డేటా తీగలో 330 ఓమ్‌ల రెసిస్టర్, పట్టీ మొదట్లో 1000 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ పెట్టడం మరిచిపోవద్దు. మాడ్యూల్‌ను నానో ఎ4, ఎ5 పిన్నులకు కలపాలి. డీఎస్ 3231 ఉష్ణోగ్రతను చూసుకుని తన నడకను తానే సవరించుకుంటుంది. ఏడాదికి తేడా నిమిషం పైచిలుకు మించదు. వై-ఫై నుంచి సమయం తీసుకునే పద్ధతి నేను కావాలనే వద్దనుకున్నాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తరువాత జిల్లాలో కరెంటూ నెట్‌వర్కూ రోజుల తరబడి లేని సంగతి మనం మరిచిపోలేదు. ఈ మాడ్యూల్ బిళ్ళ బ్యాటరీ మీద ఎన్ని రోజులైనా లెక్క తప్పదు. అయితే చవకగా దొరికే మాడ్యూళ్ళలో బ్యాటరీని చార్జ్ చేసే దారి ఒకటి ఉంటుంది, చార్జ్ కాని సీఆర్ 2032 బిళ్ళ పెట్టినప్పుడు అది ప్రమాదకరం. డయోడ్ పక్కన 201 అని రాసి ఉన్న చిన్న రెసిస్టర్‌ను సోల్డరింగ్ ఐరన్‌తో వేడిచేసి ముందే తీసేయండి.

పట్టీ ముక్కలను నాగలి చాలులా, ఒక వరుస ఇటు, తరువాతి వరుస అటు వచ్చేలా తీగలతో కలిపితే తీగ ఆదా అవుతుంది. కానీ మనం పట్టీని అంటించేది వెనక పలక మీద, చదివేది ముందు నుంచి. ఏ అంకె ఎల్‌ఈడీ ఏ అక్షరం వెనక ఉందో ఊహించకుండా, 0 నుంచి 63 దాకా ఒక్కొక్కటే వెలిగించి కాగితం మీద రాసుకోవాలి. తరువాత ప్రోగ్రాం చేయవలసినది ఇంతే: నిమిషాలను 15తో భాగిస్తే వచ్చిన భాగఫలం మాట రూపాన్ని, శేషం చుక్కల సంఖ్యను చెబుతాయి; భాగఫలం 3 అయితే ‘పావు తక్కువ’ వెలిగించి గంటను ఒకటి పెంచాలి, పన్నెండు దాటితే ఒకటికి రావాలి. భాగఫలం సున్నా అయి గంట ఒకటైనప్పుడు మాత్రం ‘ఒంటి’, ‘గంట’ వెలిగించి ‘లు’ను ఆర్పి ఉంచాలి. నేను ఈ చివరి షరతు మరిచిపోయిన మొదటి రోజు మధ్యాహ్నం గోడ మీద ‘ఒకటి గంటలు’ చూసి, మా అమ్మ ‘ఇది పరాయి ఊరోళ్ళ గడియారంలా ఉందిరా’ అన్నది. పరీక్షించేటప్పుడు సమయాన్ని 12:44కు పెట్టి ఒంటిగంట దాటేదాకా చూస్తే తప్పులన్నీ అక్కడే బయటపడతాయి.

మిగిలిన నాలుగు గళ్ళ సంగతి. భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం లెక్క. మన ఊరు సుమారు 83.9 డిగ్రీల దగ్గర ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున మన సగటు మధ్యాహ్నం, అంటే సగటున సూర్యుడు నడిమింటికి చేరే వేళ, గడియారంలో పన్నెండుకు అయిదున్నర నిమిషాల ముందే అయిపోతుంది. కాబట్టి ప్రోగ్రాంలో మరొక షరతు రాశాను: రోజూ 11:54కు, ‘పావు తక్కువ పన్నెండు’ కింద తొమ్మిది చుక్కలు ఉన్న ఆ ఒక్క నిమిషం పాటు, కుడి అంచున శ్రీకాకుళం అన్న నాలుగు అక్షరాలూ పసుపు రంగులో వెలిగి ఆరిపోతాయి.