వికీసోర్స్‌లో పుస్తకం పేజీ దిద్దడం ఇలా

స్కాన్ చేసిన పుస్తకాలను పాఠ్యంగా మార్చి ఉంచే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయం తెలుగు వికీసోర్స్‌లో లాగిన్ అయ్యి, పుస్తకం సూచికలో ఎర్రగా ఉన్న పేజీ అంకె నొక్కి, సవరణ తెరవండి. పాఠ్యం పక్కనే స్కాన్ బొమ్మ ఉంటుంది. పెట్టె ఖాళీగా ఉంటే ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను పాఠ్యంగా మార్చే సాధనం) బటన్ నొక్కండి. వచ్చినదాన్ని గుడ్డిగా నమ్మొద్దు: ఒత్తులు ఎగిరిపోతాయి, ‘ధ’ కాస్తా ‘థ’ అవుతుంది.

పేరాల మధ్య ఒక ఖాళీ వరుస వదలాలి, లేకుంటే రెండూ కలిసిపోతాయి. పేజీ పైనున్న అంకె, అధ్యాయం పేరు శీర్షిక పెట్టెలోకే వెళ్లాలి. పాఠ్యంలో ఉంచేస్తే పుస్తకం కూర్చినప్పుడు వాక్యం నడుమ తేలతాయి. పాత వర్ణక్రమాన్ని ‘సరిచేయాలని’ చేతులు దురద పెడతాయి. ముట్టుకోకండి, అచ్చులో ఉన్నదే ఉండాలి.

దిద్దాక పసుపు గుర్తు ఎంచి భద్రపరచండి. ఆకుపచ్చ మాత్రం మరొకరు సరిచూసి ఇవ్వాల్సిందే. అందుకే దిద్దుబాటు పోటీల్లో జంటగా చేరితే పని త్వరగా తెములుతుంది.