ఓరుగల్లు మాట నేర్చుకుందాం, 4వ పాఠం: బతిలాడుడు

పోయిన పాఠంల "అడుగుడు" చూసినం కదా, ఇయ్యాల దానికంటే లోతున్న మాట. పుస్తకాలల్ల బతిమాలు అని ఉంటది, పాత కావ్యాలల్ల బ్రతిమాలు, మన వరంగల్ దిక్కు బతిలాడు, బతిమిలాడు.

నా చిన్నప్పుడు జరమొస్తే మా అవ్వ అన్నంల చారు పోసి మెత్తగ పిసికి, నా గదువ పట్టుకొని "ఒక్క బుక్క బిడ్డా, నా బంగారం కదా, ఇగ ఇదే ఆఖరు" అనేది, ఆ ఆఖరు బుక్క మింగినంక ఇంకో ఆఖరు బుక్క వచ్చేది. గదీ బతిలాడుడు అంటే. కాదంటరని తెలిసినా మనసు కరుగుతదన్న ఆశతోని మళ్లమళ్ల అడుగుడు. దీన్ని అడుక్కునుడుతోని మాత్రం కలపకుండ్రి, అవ్వకు నా దగ్గర తీసుకునేది ఏముంది, నేను తింటే చాలు.

ఇగ వాడకం. మనిషి పేరు పక్కన "ను" గానీ "ని" గానీ రావాలె, "కు" రాదు. "సేటును బతిలాడిన" కరెక్టు, "సేటుకు బతిలాడిన" తప్పు. మొక్కుడుకు ఉల్టా, "సమ్మక్కకు మొక్కిన" అంటం. కొత్తగ నేర్చుకునేటోళ్లు ఇక్కడనే తడబడతరు.

ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాల కాడ నిలబడి వినుండ్రి, "సేటూ, జర సూసి రేటు వెయ్యుండ్రి, కాయ ఎంత ఎర్రగున్నదో సూడుండ్రి" అంటరు రైతులు. ఆ "జర" తీసేస్తే అది ఆర్డర్ ఏసినట్టయితది.

మన సొంత అవసరం ఉంటే "బతిలాడుకున్న" అంటం. ఎదుటోళ్లతోని అడిగిపిచ్చుకుంటుంటే "ఊకె బతిలాడిపిచ్చుకోకు" అని కోప్పడతం. తీపిమాటలు కూడ కలిపితే బతిమాలి బామాలి ఒప్పించినట్టు.

ఒక్కటి గట్టిగ చెప్తున్న. "నీ బాంచెన్ కాల్మొక్త" అన్నది బతిలాడుడు కాదు. బాంచ అంటే బానిస, దొరల గడీల ముందట భయానికి నోట్లెకెళ్లి వచ్చిన మాట అది, 1946 నుంచి 1951 దాక సాయుధ పోరాటం నడిచింది ఆ బతుకు వద్దనే. బతిలాడేటోనికి ఎదుటిమనిషి మీద నమ్మకం ఉంటది, బాంచెన్ అన్నోనికి అది లేదు. దయచేసి సరదాకు కూడ ఉదాహరణల రాయకుండ్రి.

రేపటికి ఈ రెండు నింపుకొని రాండ్రి, బయటికి చదువుకుంట రాయాలె:
అక్క___ బతిలాడి ఫీజు పైసలు తెచ్చుకున్న.
ఐలోని మల్లన్న___ మొక్కి బోనం చేసినం.

వచ్చే పాఠం అలుగుడు.