తప్పే గేట్లతో నమ్మదగ్గ సర్క్యూట్ – 3వ పాఠం: ఓటర్ సంగతి

పోయిన పాఠంలో ఒక్క గేటుతో (0 గానీ 1 గానీ జవాబిచ్చే చిన్న సర్క్యూట్ భాగం) సరిపెట్టాం. పదిసార్లకు ఒకసారి 1కి బదులు 0, 0కి బదులు 1 ఇచ్చే రకం. అంటే నమ్మకం 0.9.

ఈసారి అలాంటివి మూడు. విజయవాడ బీసెంట్ రోడ్డులో కొట్టు దొరక్కపోతే ముగ్గురిని అడుగుతాం, ఇద్దరు ఎటంటే అటు నడుస్తాం. సర్క్యూట్లో ఇదే టీఎంఆర్ (ట్రిపుల్ మాడ్యులర్ రిడండెన్సీ), అంటే ఒకే పనికి మూడు గేట్లు పెట్టి ఎక్కువమంది మాట తీసుకోవడం. ఆ ముగ్గురి మాటా విని తేల్చే గేటు పేరు ఓటర్.

నోట్సులో నాలుగు గళ్లు గీసి 0, 1, 2, 3 అని రాయండి. అవి తప్పుల లెక్క. 0 మీద వేలు పెట్టండి. ఒక్కో గేటుకు 0.9 సంభావ్యతతో వేలు అక్కడే ఉంటుంది, 0.1తో ఒక గడి జరుగుతుంది. మూడు గేట్లూ అయ్యాక గళ్లలో వరసగా 0.729, 0.243, 0.027, 0.001 తేలాలి. కూడితే 1 రాకపోతే ఎక్కడో దారి వదిలేశారు, వెనక్కి వెళ్లండి. ఒక్క గేటు తప్పినా మిగతా ఇద్దరి మాటే నెగ్గుతుంది కాబట్టి మొదటి రెండు గళ్లు కలిపితే 0.972. బాగుంది కదా?

నేనూ ఫైనలియర్ ప్రాజెక్టులో ఇక్కడే ఆగిపోయాను. వైవాలో ఎక్స్‌టర్నల్ గారు బోర్డు మీద ఓటర్ చుట్టూ సున్నా చుట్టి, "ఇది బంగారంతో చేశారా బాబూ?" అన్నారు. చెమటలు పట్టాయి.

ఓటర్ కూడా గేటే మరి. దానికీ 0.9 ఇస్తే 0.972 × 0.9 = 0.8748. మూడు గేట్ల ఖర్చు పెట్టి ఒక్క గేటుకన్నా కిందికి దిగాం! ఈ లెక్కలోనూ ఒక దారి వదిలేశాం. గేట్లు రెండో మూడో తప్పి, ఓటర్ కూడా తిరగేస్తే జవాబు మళ్లీ ఒప్పవుతుంది: 0.028 × 0.1 = 0.0028. మొత్తం 0.8776. కంటికి ఆనని ఇలాంటి దారులను పట్టుకోవడానికే ఈ గళ్ల తంటా. గళ్లు లక్షల్లోకి వెళ్తే ప్రిజమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, దాన్ని వచ్చే పాఠంలో తెరుద్దాం.

ఇంటిపని: ఓటర్ తప్పు ఎంతకు తగ్గితే మొత్తం 0.9 దాటుతుంది? 0.076 చుట్టుపక్కల వెతకండి. ఓటర్లనే మూడు పెడితే ఏమవుతుందో కూడా గళ్లు గీసి చూడండి.