వానలు రాకముందే పికప్ షాక్‌లు మార్చుకుంటున్నారా? కొనేముందు, బిగించేముందు జాగ్రత్తలు

తడి రోడ్డు మీద ఖాళీ పికప్‌తో మలుపు తిరుగుతున్నాను. వెనక చక్రం గుంతలో పడి లేచి, ఒక్క క్షణం నేలను వదిలేసింది. వెనక భాగం మొత్తం పక్కకు గెంతింది. ఎదురుగా ఏ బండీ లేదు కాబట్టి గీత దాటి మళ్లీ సర్దుకుంది. చాలాసేపటి దాకా నా చేతుల వణుకు తగ్గలేదు. టైర్లు కొత్తవే, బ్రేకులు బాగానే ఉన్నాయి. పోయినవి వెనక షాక్ అబ్జార్బర్లు. అవి ఎప్పుడో అయిపోయాయి. రోడ్డు పొడిగా ఉన్నన్నాళ్లూ ఆ సంగతి బయటపడలేదు, అంతే. అందుకే తెలిసినవాళ్లందరికీ చెబుతుంటాను, ఈ పని వానలు మొదలవకముందే పెట్టుకోండని. నీళ్లు నిలిచాక గుంత ఎంత లోతో కనపడదు, టైరుకు పట్టు తక్కువ, బ్రేకు దూరం ఎక్కువ. ఆ మూడింటికి అరిగిన షాక్ కూడా తోడైతే డ్రైవర్ చేతిలో ఇక ఏమీ ఉండదు.

కొనడానికి వెళ్లేముందు ఒక విషయం మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి. మామూలు షాక్ బరువు మోయదు. బరువు మోసేవి కమాన్ పట్టీలు, కాయిల్ స్ప్రింగులు, టార్షన్ బార్లు (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు). స్ప్రింగు ఒకసారి నొక్కుకుంటే దానంతటది ఆగదు, పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును ఆపడమే షాక్ పని. లోపల పిస్టన్ ఆయిల్‌ను సన్నని రంధ్రాల్లోంచి, వాల్వుల్లోంచి నెడుతుంది. ఊపులోని శక్తి వేడిగా మారి బయటికి పోతుంది.

ఈ తేడా తెలియక నేను నష్టపోయాను. లోడ్ వేస్తే వెనక భాగం బాగా కుంగిపోతోందని షాక్‌లు అడిగితే, అమ్మినతను "లోడ్ బండికి హార్డ్‌వి వేయాలండీ" అని అన్నింటికన్నా గట్టివి ఇచ్చాడు. బిగించాక బండి అర అంగుళం కూడా లేవలేదు. పైగా ఖాళీగా తిరిగినప్పుడు ప్రతి చిన్న గతుకుకూ వెనక భాగం ఎగిరిపడేది. షాక్ మరీ గట్టిగా ఉంటే చక్రం గుంతలోకి వేగంగా దిగలేదు, దిగేలోపే తర్వాతి గతుకు వచ్చేస్తుంది. టైరు రోడ్డును తాకడం కన్నా దాని మీద తేలడమే ఎక్కువవుతుంది. వెనక కుంగిందంటే ముందు కమాన్ పట్టీలు చూడండి. పట్టీ విరిగిందా, వంపు పోయి చదునయిందా, సెంటర్ బోల్ట్ తెగిందా, షాకిల్ బుష్‌లు (పట్టీ చివరను ఛాసిస్‌కు కలిపే లింకులోని రబ్బర్లు) అరిగాయా? అవి బాగు చేయకుండా షాక్‌ల మీద పెట్టే డబ్బు వృథా.

షాక్ నిజంగా పోయిందో లేదో తేల్చుకోవడానికి అందరూ చేసేది బండి మూలను బలంగా నొక్కి వదిలి ఎన్నిసార్లు ఊగుతుందో చూడటం. కారుకైతే కొంత పనికొస్తుంది. పికప్ వెనక కమాన్లు చాలా గట్టివి, పట్టీల మధ్య రాపిడి కూడా ఊపును కాస్త ఆపుతుంది. అందుకే పోయిన షాక్ కూడా ఈ పరీక్షలో బాగున్నట్టే కనిపిస్తుంది.

నాకు నమ్మకం ఉన్నది అరచేయి పరీక్ష. బండి ఆపి, టైరు చల్లబడ్డాక, ట్రెడ్ (టైరు నేలను తాకే భాగం) మీద అరచేయి ఆనించి చక్రం చుట్టూ నెమ్మదిగా తిప్పండి. అరుగుదల సమానంగా ఉంటే చేయి నున్నగా జారుతుంది. షాక్ పోయిన చక్రం మీద చేతికి ఎత్తుపల్లాలు తగులుతాయి, బెత్తెడుకో గుంట, మళ్లీ ఒక గట్టు. చక్రం రోడ్డు మీద ఎగిరి ఎగిరి పడుతోందని టైరే చెబుతున్నట్టు. బ్యాలెన్సింగ్ సరిగా లేకపోయినా, చక్రాన్ని పట్టుకునే బాల్ జాయింట్లు వదులైనా ఇలాంటి అరుగుదలే వస్తుంది కాబట్టి వాటిని కూడా చూడండి.

రెండోది ఆయిల్. షాక్ పైభాగంలో సన్నని పొరలా దుమ్ము అంటుకున్న తడి కనిపిస్తే టెన్షన్ పడొద్దు. రాడ్ పైకీ కిందికీ పోతున్నప్పుడు సీల్ నుంచి కాస్త ఆయిల్ పొరలా రావడం మామూలే. ఆయిల్ ధారగా కిందికి కారి, అడుగున చుక్కగా నిలిచిందంటే మాత్రం దాని పని అయిపోయినట్టే. ఇంకోటి, గతుకుల రోడ్డు మీద కాసేపు నడిపి ఆపగానే నాలుగింటినీ చేత్తో తాకి చూడండి, సైలెన్సర్ పైపుకు దూరంగా. పనిచేస్తున్న షాక్ వేడెక్కుతుంది. మూడు వెచ్చగా ఉండి ఒకటి చల్లగా ఉంటే ఆ ఒక్కటే పని మానేసింది. అయినా మార్చేటప్పుడు ఒక యాక్సిల్ (ఇరుసు) మీద రెండూ కలిపి మార్చాలి. ఒక పక్క కొత్తది, ఇంకో పక్క పాతది ఉంటే బ్రేకు కొట్టినప్పుడు, మలుపులో బండి రెండు పక్కలా రెండు రకాలుగా కదులుతుంది. 80,000 కిలోమీటర్లు దాటిన షాక్‌లను లీక్ లేకపోయినా ఒకసారి విప్పి చూపించుకోవడం మంచిది.

ఇక రకాలు. ఎక్కువ బండ్లకు కంపెనీ నుంచి వచ్చేవి ట్విన్ ట్యూబ్ షాక్‌లు. లోపల ఒక గొట్టం, దాని చుట్టూ ఇంకో గొట్టం, మధ్యలో ఆయిల్ నిల్వ. రైడ్ మెత్తగా ఉంటుంది, బయటి గొట్టానికి రాయి తగిలి చిన్న సొట్ట పడినా చాలాసార్లు పని సాగిపోతుంది. కానీ ఎక్కువసేపు గతుకుల మీద పరుగెత్తితే ఆయిల్ వేడెక్కి, గాలితో కలిసి నురగ కడుతుంది. నురగ రంధ్రాల్లోంచి ఆయిల్ కన్నా తేలిగ్గా దూరిపోతుంది, దాంతో షాక్ ఒక్కసారిగా మెత్తబడిపోతుంది. నైట్రోజన్ నింపిన ట్విన్ ట్యూబ్‌లో ఇది తగ్గుతుంది.

మోనో ట్యూబ్‌లో ఒకటే గొట్టం. ఆయిల్‌కూ గ్యాస్‌కూ మధ్య విడిగా ఒక తేలే పిస్టన్ ఉంటుంది, గ్యాస్ చాలా ఎక్కువ ఒత్తిడితో ఉంటుంది. ఆయిల్ ఉన్న గొట్టం గోడకు బయటి గాలి నేరుగా తగులుతుంది కాబట్టి వేడి త్వరగా పోతుంది, నురగ దాదాపు ఉండదు. దీని బలహీనత కూడా ఆ గోడే. పిస్టన్ ఆ గోడనే రాసుకుంటూ తిరుగుతుంది కాబట్టి గట్టి సొట్ట పడితే షాక్ అయిపోయినట్టే. రాళ్లు ఎగిరే దారుల్లో తిరిగేవాళ్లు ఇది ఆలోచించుకోవాలి. షాక్‌లు చేసే కంపెనీల్లో కేవైబీ వాళ్ల ఎక్సెల్-జీ ట్విన్ ట్యూబ్, గ్యాస్-ఎ-జస్ట్ మోనో ట్యూబ్. బిల్‌స్టైన్ 4600 మోనో ట్యూబే, మామూలు ఎత్తులో ఉన్న బండ్లకు. 5100 కాస్త ఎత్తు పెంచిన బండ్లకు కూడా సరిపోతుంది. ఒకే కంపెనీలోనే రకాలు మారిపోతాయి కాబట్టి "ఆ కంపెనీది ఇవ్వండి" అంటే సరిపోదు, మోడల్ పేరు, పార్ట్ నంబర్ రెండూ చూసి తీసుకోండి.

పికప్‌కు అసలు చిక్కు ఇక్కడే. ఖాళీగా ఉన్నప్పుడు వెనక యాక్సిల్ మీద పడే బరువు వేరు, వెయ్యి కిలోలు ఎక్కించాక వేరు. ఖాళీ బండికి సరిపోయే షాక్ లోడ్‌తో మెత్తగా అనిపిస్తుంది, లోడ్‌కు సరిపోయేది ఖాళీగా గెంతిస్తుంది. కాబట్టి మీ బండి నెలలో ఎన్ని రోజులు నిండుగా, ఎన్ని రోజులు ఖాళీగా తిరుగుతోందో ముందు లెక్క వేసుకోండి. ఎప్పుడో ఒకసారి నిండుగా వెళ్లే బండికి హెవీ డ్యూటీ షాక్‌లు వేస్తే మిగతా రోజులన్నీ అదే ఖాళీ బండి తడి రోడ్డు మీద జారుతుంది. నా అభిప్రాయంలో చాలామందికి కంపెనీ స్పెక్‌కు దగ్గరగా ఉన్న మంచి గ్యాస్ షాక్ చాలు. సగం రోజులు నిండుగా, సగం రోజులు ఖాళీగా తిరిగేవాళ్లు రాంచో 9000ఎక్స్‌ఎల్ లాంటి నాబ్ తిప్పి 9 దశల్లో గట్టిదనం మార్చుకునేవి చూడొచ్చు. అయితే లోడ్ దింపాక నాబ్ మళ్లీ తిప్పే అలవాటు ఉండాలి.

పొడవు గురించి కాస్త ఓపిగ్గా చదవండి, ఈ తప్పు వల్ల కూడా షాక్‌లు విరుగుతాయి. షాక్‌కు రెండు పొడవులు ఉంటాయి, పూర్తిగా సాగినప్పటిది, పూర్తిగా ముడుచుకున్నప్పటిది. బండి చదునైన నేల మీద నిలిపి, షాక్ పై కన్ను (బోల్టు దూరే రంధ్రం) మధ్య నుంచి కింది కన్ను మధ్య దాకా టేపుతో కొలవండి. 450 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. అప్పుడే యాక్సిల్‌కూ బంప్ రబ్బరుకూ (యాక్సిల్ మరీ పైకి వస్తే దెబ్బ తీసుకునే రబ్బరు దిమ్మ) మధ్య ఖాళీ కొలవండి, 80 అనుకుందాం. యాక్సిల్ తాకాక ఆ రబ్బరు ఇంకో 30 నలుగుతుందనుకుందాం. 450లోంచి 110 తీస్తే 340. కొత్త షాక్ ముడుచుకున్న పొడవు దీనికన్నా తక్కువ ఉండాలి. ఎక్కువ ఉంటే పెద్ద గుంతలో దెబ్బ రబ్బరుకు బదులు షాక్ లోపలి వాల్వు మీద పడుతుంది. షాక్ వాలుగా ఉంటే యాక్సిల్ కదిలినంత అది కదలదు కాబట్టి ఈ లెక్కలో ఇంకాస్త వెసులుబాటు ఉంటుంది. సాగిన పొడవు పాతదానికన్నా ఎక్కువ ఉంటే చక్రం ఇంకా కిందికి వేలాడుతుంది. అప్పుడు బ్రేక్ హోస్ (బ్రేకు ఆయిల్ పోయే గొట్టం), ఏబీఎస్ (బ్రేకు కొట్టినప్పుడు చక్రం లాక్ కాకుండా చూసేది) వైరు బిగుసుకుంటున్నాయేమో చూడాలి.

కొనేటప్పుడు బండి మోడల్ ఒక్కటే చెబితే సరిపోదు. తయారైన సంవత్సరం, టూ వీల్ డ్రైవా ఫోర్ వీల్ డ్రైవా, ఎత్తు మార్చారా లేదా అన్నీ చెప్పండి. చాలా పికప్‌లలో వెనక ఒక షాక్ యాక్సిల్‌కు ముందు, ఇంకోటి వెనక ఉంటాయి కాబట్టి కుడి, ఎడమ నంబర్లు వేరుగా ఉన్నాయేమో కూడా అడగండి. పెట్టె తెరిచాక షాక్ మీద ఉన్న నంబరు పెట్టె మీద నంబరుతో సరిపోవాలి. గ్యాస్ షాక్ అయితే నొక్కి వదలగానే రాడ్ దానంతటదే మెల్లగా బయటికి రావాలి, రాకపోతే తీసుకోవద్దు.

బిగించడంలో ప్రాణం మీదికి వచ్చే పని ఒకటుంది. ముందు చక్రాల దగ్గర షాక్ కాయిల్ స్ప్రింగు లోపల ఉండి రెండూ ఒకే సెట్‌గా ఉంటే, స్ప్రింగు నొక్కుకుని ఉండగా పై నట్టు విప్పకండి. విప్పితే స్ప్రింగు తూటాలా వస్తుంది. స్ప్రింగును నొక్కి పట్టే సరైన కంప్రెసర్, అలవాటున్న మెకానిక్ లేకుండా దాని జోలికి వెళ్లొద్దు. వెనక షాక్‌లు ఇంట్లో మార్చుకోవచ్చు, కానీ జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద దూరకండి. ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టండి. యాక్సిల్ కింద కూడా ఆసరా ఉంచండి. కొన్ని బండ్లలో యాక్సిల్ మరీ కిందికి జారకుండా పట్టుకునేది షాక్ ఒక్కటే.

కొత్త ట్విన్ ట్యూబ్‌ను నిలువుగా పట్టుకుని నాలుగైదు సార్లు నిండా లాగి నొక్కాకే బిగించండి. పడుకోబెట్టి ఉంచినప్పుడు లోపల చేరిన గాలి పోతుంది. రాడ్‌ను పట్టకారుతో పట్టొద్దు. మెరిసే పూత మీద పడిన ఒక్క గీత చాలు, అది రోజూ సీల్‌ను కోస్తూనే ఉంటుంది. బుష్ బోల్టులను ముందు వదులుగా పెట్టి, చక్రాలు నేల మీద ఆనాకే గట్టిగా బిగించాలి. చక్రం గాల్లో వేలాడుతుండగా బిగిస్తే బండి దించగానే రబ్బరు మెలితిరిగి అలాగే ఉండిపోతుంది, కొన్నాళ్లకే చిరుగుతుంది. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక ఆ బోల్టులు మళ్లీ ఒకసారి చూసుకోండి. ముందు స్ట్రట్ (షాక్, స్ప్రింగు కలిసిన సెట్) విప్పి ఉంటే చక్రాల అలైన్‌మెంట్ చేయించండి.

తీసేసిన పాత షాక్‌లను పిల్లలకు అందేలా పడేయొద్దు. పాతదైనా లోపల గ్యాస్ ఒత్తిడి ఇంకా ఉండొచ్చు. గ్రైండర్‌తో కోయడం, నిప్పులో వేయడం ఎప్పుడూ చేయకండి. పాత ఇనుము తీసుకునేవాళ్లకు ఇచ్చేటప్పుడు కూడా "ఇది గ్యాస్ షాక్" అని నోటితో చెప్పి ఇవ్వండి.