చలికాలంలో కుక్కపిల్లకు ఆరుబయటి అలవాటు

ఆదిలాబాద్, వరంగల్ ప్రాంతాల్లో డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున తలుపు తీయడానికి మనుషులే వెనకాడతారు. అటువంటప్పుడు రెండు నెలల కుక్కపిల్ల గడప దాటనని మొండికేసి, తలుపు మూయగానే మంచం కింద మూత్రం పోస్తే, దాన్ని పెంకితనంగా భావించకూడదు. చిన్న ఒంట్లోని వేడి త్వరగా తగ్గిపోతుంది కనుక బయటికి వెళ్లడమంటే వణకడమేనని దానికి తోచిందంటే, తరువాత ఎంత పిలిచినా రాదు. అందువల్ల ఈ కాలంలో ఎక్కువసార్లు తీసుకెళ్లాలి, ప్రతిసారీ కొద్దిసేపే బయట ఉంచాలి.

ముందుగా చోటు ఎంచుకోవాలి. పొద్దున్నే సానుపు చల్లే వాకిలి దీనికి పనికిరాదు. తడినేల మీద అది కాలు మోపదు. పెరట్లో గోడవార, గాలి తగలని పొడి మూల చూసి, అక్కడ పాత గోనెసంచి పరిచి, ఇంట్లో దాని మూత్రం తుడిచిన గుడ్డను ఒకసారి ఆ సంచిపై రుద్దితే వాసన పట్టి చోటు గుర్తిస్తుంది. అలవాటు కుదిరాక సంచిని తీసివేయవచ్చు. సుమారు 16 వారాల వయసులో టీకాలు పూర్తయ్యే వరకు వీధికుక్కలు తిరిగే చోటికి మాత్రం తీసుకెళ్లకూడదు, ఎందుకంటే కుక్కపిల్లలకు ప్రాణాంతకమైన వాంతులు, విరేచనాలు తెప్పించే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది.

నిద్ర లేవగానే, ఆట ముగియగానే, తిన్న పావుగంటలోపు తప్పక తీసుకెళ్లాలి. పగటిపూట రెండు నెలల పిల్ల మూడు గంటలకు మించి ఆపుకోలేదు. రాత్రి కూడా కనీసం ఒకసారి లేవవలసిందే. నడిపిస్తే దారిలోనే పోస్తుంది కనుక ఎత్తుకుని వెళ్లి సంచి మీద దింపి, ఆడించకుండా, మాట్లాడకుండా పక్కనే నిలబడాలి. దాన్ని బయటికి పంపి మనం లోపల ఉంటే, అది తలుపు దగ్గరే కూర్చుని మన కోసం ఎదురుచూస్తుంది. ఐదు నిమిషాల్లో పని కాకపోతే లోపలికి తెచ్చి, నేల మీద వదలకుండా ఒడిలోనే ఉంచుకుని, పది నిమిషాల తరువాత మళ్లీ తీసుకెళ్లాలి. చాలామంది తప్పేది ఇక్కడే: బయట పోయలేదు కదా అని లోపల స్వేచ్ఛగా వదిలేస్తారు.

పని ముగిసిన క్షణంలోనే, అక్కడే మెచ్చుకుని ఉడికించిన కోడిమాంసం ముక్క పెట్టి, వెంటనే ఇంట్లోకి తేవాలి. ఎండాకాలంలోనైతే పోయగానే లోపలికి తెస్తే ఆట ఆగిపోతుందని గ్రహించి కుక్కపిల్ల ఆలస్యం చేయడం నేర్చుకుంటుంది. చలిలో అదే వెచ్చని ఇల్లు బహుమానమవుతుంది కాబట్టి, ఈ ఒక్క విషయంలో చలికాలం మనకు తోడ్పడుతుంది. పొట్టి వెంట్రుకల జాతికి, ఇరుగుపొరుగు నవ్వినా సరే, బయటికి వెళ్లేటప్పుడు చిన్న స్వెటర్ తొడగడం మంచిది.

ఇంట్లో పోస్తే ముక్కు రుద్దడం, కొట్టడం వల్ల అది మన ముందు పోయడానికి భయపడి చాటు వెతుక్కుంటుంది, అంతే. పాదాలు నాకే జీవి తిరిగే నేలకు ఫినైల్ వాడకుండా, ఎంజైములున్న ద్రావణంతో వాసన పూర్తిగా పోయేలా తుడవాలి. తడి తగ్గుతుందని నీళ్లు మాన్పించకూడదు. మాటిమాటికీ చుక్కలుగా పోస్తున్నా, మూత్రంలో ఎరుపు కనిపించినా అది శిక్షణలోని లోపం కాదు. ఆ రోజే పశువైద్యుడికి చూపించాలి.