సంఘ పెద్ద జీవిత చరిత్ర రాసేటప్పుడు తేదీలు, డబ్బు సరిచూసే పద్ధతి

వ్యాపారంలో నాలుగు రాళ్లు వెనకేసి, మిషన్ బడికి భూమి ఇచ్చి, క్రైస్తవ సంఘ పెద్దగా నిలిచిన పాతతరం మనుషులు పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో ఉన్నారు. వాళ్ల గురించి జూబిలీ సావనీర్లలో పొగడ్తలు నిండుగా ఉంటాయి గానీ తేదీలు ఒకదానికొకటి పొసగవు. కాగితాలు చూశాకే కథ రాయాలి.

భూమి దస్తావేజుతో మొదలుపెట్టండి. నిజాం కాలపు కాగితమైతే ఉర్దూలో, ఫసలీ (భూమి శిస్తు లెక్కలకు వాడిన) సంవత్సరంతో ఉంటుంది. హైదరాబాద్ సంస్థానంలో ఫసలీ ఏడు ఆజూర్ నెలతో, అంటే అక్టోబరు మొదటి వారంలో మొదలయ్యేది. అప్పటి నుంచి డిసెంబరు దాకా పడ్డ తేదీలైతే ఫసలీ సంవత్సరానికి 590, ఆ తర్వాతి వాటికి 591 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1330 ఆజూర్ అంటే 1920, అదే ఏటి ఖుర్దాద్ నెల అంటే 1921 ఏప్రిల్. మద్రాసు వైపు ఫసలీ జులై 1న మొదలవుతుంది. నిజాం కాగితానికి ఆ లెక్క పట్టుకుంటే జులై నుంచి అక్టోబరు దాకా తేదీలన్నీ ఏడాది తప్పుతాయి. హిజ్రీ (ముస్లిం చాంద్రమాన) సంవత్సరాన్ని ఫసలీ అనుకుంటే ఆ కాలంలో తొమ్మిదేళ్ల దాకా తేడా వస్తుంది. ఉర్దూ అంకెలు ఎడమ నుంచే చదవాలి. రెండుకూ మూడుకూ పైన పంటి ఆకారంలో ఉండే ఒక్క గీతే తేడా, సున్నా చిన్న చుక్క. జిరాక్స్‌లో ఆ గీతా చుక్కా రెండూ పోతాయి, కాబట్టి అసలు కాగితాన్నే చూడండి.

సర్వే నంబరును సేత్వార్‌తో (సర్వే తర్వాత తయారైన తొలి భూమి రికార్డు), 1954-55 ఖాస్రా పహాణీతో (ఏ భూమి ఎవరి పేరున, ఎవరి సాగులో ఉందో చెప్పే ఊరి రికార్డు) పోల్చండి. విస్తీర్ణం 4.20 అని ఉంటే నాలుగెకరాల ఇరవై గుంటలు, అంటే నాలుగున్నర ఎకరాలు. ఎకరానికి 40 గుంటలు కదా, దాన్ని దశాంశంగా చదివినవాళ్లు చాలామంది.

పుట్టిన ఏడు కోసం బాప్తిస్మ రిజిస్టర్ తీస్తారు. ఇక్కడి బాప్తిస్టు, మెన్నోనైట్ బ్రదరన్ సంఘాల్లో పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. కాబట్టి ఆ తేదీ మనిషి ఇరవయ్యో ఏటిదీ కావచ్చు, నలభయ్యో ఏటిదీ కావచ్చు.

సమాధి రాయిని వైరు బ్రష్‌తోనో యాసిడ్‌తోనో రుద్దకండి, అక్షరాల్లో సుద్ద నింపకండి. మంచినీళ్లు, మెత్తని బ్రష్ చాలు. పొద్దున్నేగానీ సాయంత్రంగానీ ఏటవాలు ఎండలో ఫోటో తీస్తే చెరిగిన గీతలూ నీడపడి కనిపిస్తాయి.

ఇక డబ్బు. మొత్తం హాలీ సిక్కానా (నిజాం రూపాయి), కల్దారా (బ్రిటిష్ ఇండియా రూపాయి) అన్నది తప్పక రాయండి. ఏడు హాలీ రూపాయలు సుమారుగా ఆరు కల్దార్లకు సమానం.

ఆ సొమ్ము ఎక్కడిదో కూడా రాయాలి. అమెరికాలోని ప్రావిడెన్స్ వర్తకుడు, బాప్తిస్టు సంఘపు దాత నికొలస్ బ్రౌన్ 1804లో 5,000 డాలర్లు ఇస్తే, రోడ్ ఐలండ్ కాలేజీ బ్రౌన్ విశ్వవిద్యాలయం అయింది. ఆ కుటుంబానికి బానిసల వ్యాపారంతో ఉన్న సంబంధాన్ని 2006లో ఆ విశ్వవిద్యాలయమే నివేదికగా బయటపెట్టింది. మన సంఘ పెద్ద వడ్డీ వ్యాపారం చేసినా, సారా కాంట్రాక్టు నడిపినా, కాగితంలో ఉన్నది ఉన్నట్టు రాయండి. అచ్చుకు ఇచ్చే ముందు మాత్రం ఆ పేజీలు కుటుంబానికి చదివి వినిపించండి. ఆ ఇంటి ట్రంకు పెట్టెలో దీనికి సంబంధించిన మరో దస్తావేజు ఉండే అవకాశం ఎక్కువ.